మోకాలి లోతు నీళ్లలో నా నవల

చూడని ఊళ్ల గురించి గట్టిగా మాట్లాడేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఆ మంట గల నేనే, ఒక్కసారి కూడా చూడని కొల్లేరు మీద నూట తొంభై పేజీల నవల రాశాను.

మాది అనంతపురం జిల్లా. మా వైపు నీళ్లు రెండు రకాలు. ఒకటి లేనివి, రెండు బావి అడుగున ఉన్నవి. ఉన్నచోట లోతుగా ఉండటం నీళ్ల సహజగుణమని యాభై ఏళ్లొచ్చేదాకా నమ్మాను. తపాలా ఉద్యోగంలో నా పక్క బల్ల మిత్రుడిది ఏలూరు. అతను టీ తాగుతూ చెప్పిన కొల్లేటి కబుర్లతో నవల అల్లేశాను. అందులో నీలమ్మ అనే చేపలమ్మే మనిషి ఉంటుంది. మొగుడు తాగుబోతు, ఊరు నిర్దయ, ఆకాశం బూడిదరంగు. నా మొదటి ప్రతిలో ఆవిడ చివరికి గంప నెత్తిన పెట్టుకుని కొల్లేటి మధ్యలో ఉన్న ఇంకో లంక ఊరికి వెళ్లిపోతుంది. దాన్ని పీఠిక కోసం ఒక ఆచార్యులవారికి పంపాను. "బతికుంటే అది నవల కాదయ్యా, నివేదిక" అన్నారాయన. వెంటనే నేను నీలమ్మని చైత్ర పౌర్ణమి నాడు కొల్లేట్లో ముంచేశాను. ఆ మునగడం మీద ఆయన నాలుగు పేజీల పీఠిక రాశారు. నాకో శాలువా వచ్చింది. మా ఆవిడ దాన్ని కుట్టుమిషను మీద కప్పింది.

నవలని తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీవాళ్లు డిగ్రీ పిల్లలకి ఉపవాచకంగా పెట్టారు. అక్కణ్నించి ఓ కార్డు వచ్చింది. "అయ్యా, మీ నవలలో నీలమ్మ చనిపోయింది చైత్రమాసంలోనేనా? అచ్చుతప్పు కాదు కదా? దయచేసి తెలియజేయగలరు. ఇట్లు, ఎస్తేరు, బి.ఏ. రెండవ సంవత్సరం." పాఠకురాలు కదిలిపోయిందనుకున్నాను. చైత్రమే అని, ఆ వెన్నెల ఏ బాధకి సంకేతమో వివరిస్తూ రెండు పేజీలు రాశాను. జవాబుగా ఒక జిరాక్సు కాగితం వచ్చింది. క్లాసు పరీక్ష జవాబు. ప్రశ్న: నీలమ్మ మరణంలోని విషాదాన్ని వివరించండి. దాని కింద పొందికైన చేతిరాత.

"నీలమ్మ చైత్రమాసంలో మునిగిపోయినట్లు రచయిత రాశారు. ఆ నెలలో మా కొల్లేట్లో నీళ్లు మోకాలి లోతు ఉంటాయి. కాబట్టి నీలమ్మ మునగదు. పైగా ఆమెకు ఈత వచ్చు."

పక్కన ఎర్ర సిరాతో పదికి సున్నా.

ఆ కాగితం అడుగున మరో నాలుగు వాక్యాలున్నాయి. సున్నా వచ్చినప్పటినుంచీ తను కాలేజీకి వెళ్లడం లేదట. హాజరు తక్కువైంది కాబట్టి తెలుగు లెక్చరరుగారు సంతకం పెడితేనే సంవత్సరాంతపు పరీక్షకి కూర్చోనిస్తారట. జవాబు దిద్ది రాస్తేనే సంతకం పెడతానన్నారట. "మా అమ్మమ్మ మిమ్మల్ని ఒకసారి రమ్మంటోంది." ముప్ఫై ఏళ్లు ఊరందరికీ ఉత్తరాలు చేరవేసిన నాకు, నా పేరిట వచ్చిన మొట్టమొదటి అసలైన ఉత్తరం అదేననిపించింది. సెలవు పెట్టాను. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వంవారు కొట్టేయించిన మరుసటి వేసవి అది. నెల, నా ఖర్మకొద్దీ, చైత్రమే.

ఏలూరు

పవర్‌పేట స్టేషన్లో దిగేసరికి తెల్లారింది. ఏలూరులో నన్ను ముందుగా తాకినది మర్యాద. మా వైపు ఆటో అతను పిలిస్తే పిలిచినట్టుండదు, అరెస్టు చేసినట్టుంటుంది. ఇక్కడ అతను "ఏవండీ, ఎంతవరకండీ, కూర్చోండి, మీకు తోచింది ఇద్దురుగాని" అన్నాడు. నాకు తోచినంత ఇచ్చాను. అతనికి అది తోచలేదు. ఇంకో ఐదు రూపాయలు పుచ్చుకుంటూ కూడా "ఏమనుకోకండి" అన్నాడు.

హోటల్లో పెసరట్టు పన్నెండు రూపాయలు, లోపల ఉప్మాతో. ఆకలి మీద రెండు తిని, ఎదురుగా ఉన్న పుస్తకాల కొట్లోకి వెళ్లాను. నా నవల అద్దం వెనకాలే ఉంది. నేనెవరో చెప్పకుండా, పుస్తకం ఎలా పోతోందని అడిగాను.

"బాగా పోతోందండీ. చదివినవాళ్లందరూ ఏడుస్తున్నారు."

"కొల్లేటివాళ్లు కొంటున్నారా?"

ఆయన కాసేపు ఆలోచించాడు. "వాళ్లెందుకు కొంటారండీ, వాళ్ల గురించే కదా" అన్నాడు.

కైకలూరు బస్సులో ఆ మాట నన్ను వదల్లేదు. నా సంచిలో ప్రయాణానికని తెచ్చుకున్న కొత్త కథల పుస్తకాలు రెండున్నాయి. రెంట్లోనూ పేదవాళ్లున్నారు. ఒక్కరూ నవ్వరు. ఒక్కరూ ఉప్పు తక్కువైందని పెళ్లాం మీద కసురుకోరు. పనిలో ఆరితేరినవాడు ఒక్కడూ కనబడడు. అందరూ పేజీకి రెండుసార్లు ఆకాశంలోకి చూస్తారు. నా నీలమ్మ అయితే మూడుసార్లు చూసేది. బస్సులో నా పక్కన కూర్చున్న ఆవిడ పెదవేగి వైపు పామాయిల్ తోటల్లో గెలలు మోసే పనికి వెళ్లి వస్తోందట. గంటసేపు ఆవిడ ఆకాశంలోకి చూడలేదు. కండక్టరు బాకీపడ్డ రూపాయి చిల్లర వంకే చూసింది, తీసుకుని మరీ దిగింది.

లంక

ఊరి పేరు రాయను. ఒకసారి ఆ నీళ్ల గురించి తప్పు రాసినవాడికి ఊరి గురించి రాసే హక్కు వెంటనే రాదు. మండవల్లి దాటి ఒక గట్టు దగ్గర ఎస్తేరు తాటిదోనెతో నిలబడి ఉంది. సన్నగా, పొడుగ్గా, రెండు జడలతో ఉంది. నమస్కారం పెట్టి, నా సంచి అందుకుని, చెప్పులు చేత్తో పట్టుకోమంది. నేను మర్యాద తక్కువవుతుందని వేసుకునే ఎక్కాను.

దోనె అంటే తాటిచెట్టు మానుని తొలిచింది. మనిషి తుమ్మినా పక్కకి ఒరుగుతుంది. ఎస్తేరు వెదురు గెడ వేసి నెడుతోంది. గెడ ముంచడం, తీయడం. అది పైకొచ్చినప్పుడల్లా దాని మీద తడి ఎంతవరకుందో నాకు కనబడుతూనే ఉంది. మూరెడు. మరోసారి చూశాను. మూరెడే. నూట తొంభై పేజీల నవల ఆ మూరెడు తడిలో కరిగిపోతుంటే, నేను కొంగల వంక చూస్తున్నట్టు నటించాను.

"లోతు తక్కువేనమ్మా" అన్నాను చివరికి.

"ఇది లోతైన చోటండీ" అంది ఎస్తేరు.

లంక మీద ఒక బడి, ఒక చర్చి, డిష్ యాంటెన్నాలు పెట్టిన పాకలు ఉన్నాయి. చర్చి పక్క పేటలో ఎస్తేరు అమ్మమ్మ ఇల్లు. పేరు సువార్తమ్మ. డెబ్భై దాటి ఉంటాయి. మనిషి గట్టి. "వందనాలండి బాబుగారూ" అని మంచం వాల్చింది. నేను కూర్చునేలోపే పేటలో ఆడవాళ్లు పదిమంది వచ్చి అరుగు మీద చేరారు. క్రిస్మస్ సెలవుల్లో ఎస్తేరు సాయంత్రాలు చర్చి వరండాలో కూర్చుని నా నవలంతా వాళ్లకి చదివి వినిపించిందట. ఆ విషయం నాకు అప్పుడే తెలిసింది.

వాళ్లు నన్ను ఏమీ అనలేదు. మెచ్చుకున్నారు కూడా. నీలమ్మ కథ ఎవరిదండీ, మా ఫలానా మనిషిదేనా అని అడిగారు. ఏలూరు మిత్రుడు చెప్పగా విన్నానన్నాను. చేపలమ్మి పిల్లల్ని చదివించుకున్న మనిషట, పేరు తెలియదన్నాను. అరుగు మీద నలుగురు అది నా కథేనంటే నా కథేనన్నారు. వాళ్లలో వాళ్లకి కాసేపు తగువైంది. ఆ నలుగురి పిల్లల్లో ఒకరు నర్సు, ఇద్దరు టీచర్లు, ఒకడు లారీ డ్రైవరు. నేను నవలలో నీలమ్మ పిల్లల్ని పేజీలు కలిసొస్తాయని జ్వరంతో పోగొట్టాను. ఆ సంగతి ఎవరూ ఎత్తకపోతే బాగుండునని మొక్కుకున్నాను.

మధ్యాహ్నం బొమ్మిడాయిల పులుసు పెట్టారు, మామిడికాయ ముక్కలు వేసి. సంకటి ముద్దల మీద పెరిగినవాణ్ణి, ముల్లు తీసుకోవడం రాదు. సువార్తమ్మ నా కంచం తన ముందుకి లాక్కుని, వెన్నుముల్లు ఒక్క ఊపులో లాగేసి తిరిగిచ్చింది. ఒకప్పుడు తను నడిచి వెళ్లి చేపలమ్మిన ఊళ్లలో ఒకళ్లూ ఇంటి గడప లోపలికి రానిచ్చేవారు కాదని, గంప వీధిలోనే దింపించేవారని చెప్పింది. "చేప మాత్రం లోపలికెళ్లేదండి" అని నవ్వింది. నా నవలలో ఆ సంగతి మూడు పేజీలుంది, ఒక్క నవ్వు లేకుండా.

తర్వాత నేను భయపడినంతా జరగబోయింది. సువార్తమ్మ కంచం తీస్తూ అంది.

"అన్నిటికన్నా చివర బాగుందండి. చావాలని నీళ్లలోకి దిగిందా, కాలికి కొరమీను తగిలిందా, చెయ్యి ఊరుకోలేదు చూడండి. గంప నిండాక గానీ చావు గుర్తు రాలేదు దానికి. అచ్చం మా మనిషే."

నేను నోరు తెరిచాను. నా నవలలో కొరమీను లేదు. ఎస్తేరు గోడ వైపు చూస్తోంది. చెవులు ఎర్రబడ్డాయి.

సాయంత్రం అమ్మమ్మ గడ్డివాము దగ్గరికి వెళ్లినప్పుడు ఎస్తేరు నాతో మెల్లిగా చెప్పింది. చివరి ప్రకరణం దగ్గరికొచ్చేసరికి చదవలేకపోయిందట. మోకాలి లోతు నీళ్లలో మునిగిందంటే అందరూ పడీపడీ నవ్వుతారని, నవల మొత్తం నవ్వులపాలవుతుందని అప్పటికప్పుడు తన సొంతంగా ఏదో చదివేసిందట. "మీ పరువు కోసమేనండీ" అంది. కాలేజీలో మాత్రం ఆ పరువు కోసం నోరు మూసుకోలేకపోయింది. ఎందుకంటే అక్కడ పాఠం జరుగుతున్నప్పుడల్లా లెక్చరరుగారు ఆమెని లేపి, మన ఎస్తేరు వాళ్ల కష్టాలు చెబుతుంది వినండి అనేవారట. బయటికొస్తే తోటిపిల్లలు నీలమ్మా అని పిలిచేవారు, జాలిగానే. "తిడితే తిరిగి తిడతామండీ. జాలిపడితే ఏం చేస్తాం?"

అమ్మమ్మకి నిజం చెప్పొద్దని ఎస్తేరు నన్ను బతిమాలింది. సరేనన్నాను.

నీళ్లలో

మర్నాడు పొద్దున్నే సువార్తమ్మ నన్ను దోనెలో తీసుకెళ్లింది, గెడ తనే వేస్తూ. ఎస్తేరు ముందు కూర్చుంది. లంకకి ఫర్లాంగు దూరంలో, చుట్టూ నీళ్లే తప్ప ఏమీ లేని చోట, ఆవిడ గెడని బురదలో గుచ్చి దోనెని నిలిపింది.

"ఇప్పుడు చెప్పండి బాబుగారూ. మీ పుస్తకంలో చివర ఏముంది?"

నేను ఎస్తేరు వైపు చూశాను.

"దాన్ని చూడకండి. ఆ రోజు ఇది అరగంటసేపు చదివింది, ఒక్క పేజీ తిప్పలేదు. నాకు చదువు రాదు గానీ పేజీ తిప్పడం తెలుసండీ."

చెప్పేశాను. చైత్ర పౌర్ణమి, వెన్నెల, సుడి, నీలమ్మ జుట్టు నీళ్ల మీద తేలడం, అన్నీ. సువార్తమ్మ చివరిదాకా విన్నది. తర్వాత చాలా మర్యాదగా అంది.

"దిగండి."

"ఎక్కడికండీ?"

"ఇక్కడికే. దిగి మునగండి, చూద్దాం."

ప్యాంటు మడిచి దిగాను. బురద చల్లగా, మెత్తగా ఉంది. నీళ్లు మోకాలి చిప్ప దగ్గర ఆగాయి. ఇంకో అడుగు వేయబోతే ఎడమకాలి చెప్పు బురదలో ఉండిపోయింది. వంగి వెతకబోయాను. కనబడదు. నీళ్లన్నీ కలకబారి టీ రంగులోకి మారాయి. దోనె మీద ఇద్దరూ నవ్వడం మొదలెట్టారు. కాస్సేపటికి నేనూ నవ్వాను. నా నవల చదివి ఎవరైనా నవ్వడం అదే మొదటిసారి.

అప్పుడు సువార్తమ్మ చీర పైకి దోపుకుని దిగింది. చేతులతో వెతకలేదు. కళ్లు ఎటో చూస్తున్నాయి. కాళ్లు మాత్రం మెల్లిగా జరుపుతూ, అడుగు వెనక అడుగు, అర్ధచంద్రంలా తిరిగింది. వేసవిలో ఇక్కడి ఆడవాళ్లు బురదలో దాక్కున్న చేపని పట్టేది అలాగే, పాదంతో తడిమి. అరికాలికి తగలగానే అది మట్టగిడసో, కొరమీనో, తల ఎటుందో కూడా తెలుస్తుందట. తల వైపునుంచి పట్టకపోతే జారిపోతుంది. ఆవిడ ఆగింది. వంగి, చెయ్యి ముంచి, నా చెప్పు పైకి తీసింది. మడమ వైపునుంచి కాదు, వేళ్ల వైపునుంచి, తల పట్టినట్టే పట్టుకుని.

ఆ చెప్పు అందుకుంటూ నాకు సిగ్గు, సంతోషం రెండూ కలిగాయి. ఒక మనిషి అరికాలిలో ఇంత విద్య ఉంటే నేను నూట తొంభై పేజీలు ఆవిడ కన్నీళ్ల లెక్క రాశాను. పాదాల మాట ఒక్కచోటైనా లేదు. చెప్పుకోదగ్గదంతా నీళ్ల కింద ఉంటే, నేను పైపైన తేలాను.

"చావడం తప్పని కాదండీ" అంది సువార్తమ్మ దోనెలోకి ఎక్కుతూ. "మా వాళ్లలోనూ చచ్చినవాళ్లున్నారు. కానీ మీరు చంపితే చదివినవాళ్లు జాలిపడతారు. జాలిపడేవాళ్లు గంప దగ్గరికి రారండి. బేరమాడేవాళ్లే వస్తారు."

గెడ అందుకుని అసలు మాట అడిగింది. "పిల్ల పరీక్ష మీ చేతిలో ఉందా, లేదా? అది చెప్పండి ముందు."

ఉందన్నాను. అది కూడా నేను చూడకుండా చెప్పిన మాటే.

తాడేపల్లిగూడెం

ఎస్తేరుతో కలిసి వెళ్లాను. బస్సు దెందులూరు మీదుగా జాతీయ రహదారి పట్టుకుని పోయింది. గూడెంలో ఆమె వాళ్ల పిన్ని ఇంట్లో ఉండి చదువుకుంటోంది. పిన్ని ఉల్లిపాయల మార్కెట్లో పాయలు ఏరే పని చేస్తుంది. ముందు అక్కడికి వెళ్లాం. కొండల్లా బస్తాలు, వాటి మధ్య వరసగా ఆడవాళ్లు. అందరి కళ్లల్లోనూ నీళ్లే, ఒక్కరికీ దుఃఖం లేదు. సినిమా కబుర్లు చెప్పుకుంటూ చకచకా ఏరుతున్నారు. రెండు రోజుల ముందైతే అక్కడే ఒక నవల మొదలెట్టేసేవాణ్ణి.

కాలేజీలో లెక్చరరుగారు నన్ను చూసి కంగారుపడి, కుర్చీ తుడిచి, కూల్ డ్రింకు తెప్పించారు. మంచి మనిషి. మా ఆచార్యులవారి శిష్యుడట. ఎస్తేరు గుమ్మం బయట నిలబడింది. నేను జిరాక్సు కాగితం బల్ల మీద పెట్టి, ఈ అమ్మాయి రాసింది నిజమేనని, నిన్న నేను స్వయంగా దిగి చూశానని, మునగలేదని మనవి చేసుకున్నాను.

ఆయన కాగితం చూశారు, నన్ను చూశారు. "నిజమే కావచ్చండీ. కానీ పుస్తకంలో మునిగింది కదా."

"ఆ పుస్తకం రాసింది నేనే కదండీ."

"మీరే అనుకోండి. గైడులో అలా లేదండీ" అన్నారాయన చాలా బాధపడుతూ.

గైడు తెరిచి చూపించారు. అందులో నా నవల గురించి నాకు తెలియనివన్నీ ఉన్నాయి. విషాదం, మూడు మార్కులు. వెన్నెల, రెండు. రచయితకి నోటిమాటగా అధికారం లేదని, ఏది అచ్చయితే దానికే మార్కులని అక్కడ బోధపడింది. సరే, రెండో ముద్రణ పనిలోనే ఉంది, అందులో ముగింపు మారుతోంది, ఆ ప్రకరణం కాగితాలు సంతకం చేసి ఇప్పుడే ఇస్తాను, దాని ప్రకారం దిద్దుతారా అని అడిగాను. ఆయన ఊపిరి పీల్చుకున్నారు. "కాగితం మీద ఉంటే నాకేం అభ్యంతరమండీ" అన్నారు.

ఎస్తేరుని లోపలికి పిలిచాను. క్రిస్మస్‌లో పేజీ తిప్పకుండా చదివింది ఉన్నదున్నట్టు చెప్పమన్నాను. నీలమ్మ నీళ్లలోకి దిగేదాకా ఒక్కో మాటే పేర్చింది. కొరమీను కాలికి తగిలేసరికి మాట పరిగెత్తింది, నా కలం వెనకబడింది. చివర నీలమ్మ తడి కుచ్చిళ్లు పిండుకుని, గంప ఎత్తుకోవడానికి మనిషి సాయం లేక, గట్టు మీద పోతున్న తాగుబోతు మొగుణ్ణే పిలిచి ఎత్తించుకుని, వాడు వెంట రాబోతే అక్కడే ఉండమని చెప్పి వెళ్లిపోతుంది. ఈ మొగుడి ముక్క నా తలలో పుట్టేది కాదు. లెక్చరరుగారు కూల్ డ్రింకు పక్కన పెట్టి వింటున్నారు. అయ్యాక ఆయన సున్నా ముందు ఒకటి చేర్చబోయి, అలా చేస్తే పద్ధతి కాదని మొత్తం కొట్టేసి, పదికి ఎనిమిది వేశారు. రెండెందుకు తగ్గించారంటే, వెన్నెల గురించి రాయలేదట. సంతకం మాత్రం పూర్తిగా పెట్టారు.

ఇంటికొచ్చాక

ఎస్తేరు పరీక్షలు రాసింది, పాసయింది. ఆ కబురు కార్డు మీద వచ్చింది, కింద సువార్తమ్మ వేలిముద్రతో. అరికాలి ముద్ర వేయిస్తే బాగుండేదని రాశాను.

రెండో ముద్రణ వచ్చింది. లోపలి పేజీలో "చివరి ప్రకరణం చెప్పినది: ఎస్తేరు" అని వేయించాను. గైడు రాసినవారికి ఇప్పుడు ఆమె పేరు కూడా బట్టీ పెట్టించక తప్పదు. ప్రెస్సు ఆయన ఫోను చేసి, ముగింపు మారింది కదండీ, పీఠిక తీసేద్దామా, ఆచార్యులవారిని కొత్తది అడుగుదామా అన్నాడు. వద్దన్నాను. ఆ నాలుగు పేజీల్లో ఒక్క అక్షరం, ఒక్క కామా ముట్టుకోవద్దన్నాను.

కాబట్టి ఇప్పుడు పుస్తకం తెరిస్తే, పదకొండో పేజీలో ఆచార్యులవారు నీలమ్మ శవాన్ని తలుచుకుని, ఈ మృత్యువు లేకపోతే ఈ నవలే లేదని కంటతడి పెడుతూ ఉంటారు. నూట తొంభై రెండో పేజీలో ఆవిడ గంపెడు కొరమీనుతో గట్టెక్కుతుంది. ఆయన ప్రతి అందగానే ఉత్తరం రాశారు. ఇదేమిటయ్యా, కనీసం నా పీఠికన్నా మార్చాల్సింది అన్నారు.

నేను వినయంగా జవాబు రాశాను: "అయ్యా, తమరు రాసినదాని మీద చెయ్యి వేసేంతటివాణ్ణా?"

పోస్టులో పడేసేముందు, తపాలా మనిషినే కదా, బిళ్ల సరిగ్గా అంటిందో లేదో రెండుసార్లు చూసుకున్నాను.